మునిరత్నం గారి ఎడమ చెయ్యి

మా ముత్తాత పటేల్ చెంగప్ప. కురుడుమలె చుట్టుపక్కల ఏడు ఊళ్లకు పటేలు. వినాయకుడి తేరు కదలాలంటే మొదటి టెంకాయ ఆయన చేతుల మీదుగా పగలాలి. మా తాత నారాయణప్ప బంగారు గనులకు కలప కాంట్రాక్టరు. భూమి లోపల సొరంగాల కప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు మొదట మా ఎద్దుల బండ్ల మీద, ఆ తరువాత మా లారీల మీద దిగేవి. తాత గని ఆఫీసుకు వెళితే ఆయన కూర్చునేదాకా దొరలు కూర్చునేవారు కాదని మా అవ్వ చెప్పేది. మా నాన్న వెంకటాచలపతి కాలానికి బండ్లు లేవు, లారీలు లేవు. గనులు మూతపడ్డాక కలప అడిగేవాడూ లేడు. ఆ ఇంటి ఆఖరి మనిషిని నేను. ఎక్స్‌రే తీయడం నా వృత్తి. చేసే పని చెప్పుకోవడానికి గానీ, పుట్టిన ఇల్లు చెప్పుకోవడానికి గానీ నేను ఏనాడూ తల దించలేదు.

ఇది 2014 జులైలో జరిగింది. అప్పుడు నేను బంగారుపేటలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్‌ని. చేరి పంతొమ్మిదేళ్లయింది. మా పని గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. ఫిల్ము తీసేవాళ్లు వేరు, దాన్ని చదివి మందు రాసే డాక్టరు వేరు. అయినా ఏళ్ల తరబడి ఎముకలు చూస్తే మాకూ కొంత చదువు వస్తుంది. మా ఆసుపత్రికి అప్పటికి కంప్యూటర్ ఎక్స్‌రే రాలేదు. క్యాసెట్ అంటే ఫిల్ము లోపల పెట్టిన పలచటి పెట్టె. దాని మీద చెయ్యో కాలో పెట్టించి తీసి, డార్క్‌రూంలో ఎర్ర దీపం కింద డెవలపర్ నీళ్లలోనూ ఫిక్సర్ నీళ్లలోనూ ముంచాలి. ఫిల్ము తడిగా ఉండగానే బాగా వచ్చిందో లేదో చూసుకోవాలి. అంతవరకు పేషెంటును గదిలోంచి పంపకూడదు.

ఇంకొకటి మార్కర్. ఎల్ అని, ఆర్ అని రెండు సీసపు అక్షరాలుంటాయి. ఎడమ వైపు తీస్తే ఎల్, కుడి అయితే ఆర్ క్యాసెట్ మీద అంటించాలి. ఫిల్ము మీద ఎముకలతో పాటు ఆ అక్షరం కూడా పడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి నేను ఈ అక్షరం తారుమారు చేశాను. డాక్టరు గారు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒక రైతు మంచి కాలికి కట్టు పడి ఉండేది. ఆ రోజు నుంచి నా తెల్లకోటు కుడి జేబులో ఆర్, ఎడమ జేబులో ఎల్. కోటు ఉతికేటప్పుడు కూడా ఆ రెండూ కలవనివ్వలేదు.

ఆ రోజు ఉదయం వాన పడి వెలిసింది. బంగారు గనులున్న ఊరిగాం నుంచి వచ్చిన ముగ్గురు ముసలివాళ్లు ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చున్నారు. నడుమ కూర్చున్నాయన పొడుగ్గా, ఎండిన చింతబరికెలా ఉన్నాడు. తెల్లచొక్కా మోచేతుల దాకా బురద. స్టేషన్ మెట్ల మీద జారి రెండు చేతులూ ముందుకు చాచి పడ్డాడట. చీటీలో పేరు మునిరత్నం, వయసు అరవై ఎనిమిది. రెండు చేతులకూ మణికట్టుతో కలిపి ఎక్స్‌రే తీయమని డాక్టరు గారు రాశారు.

ఆయన ఎడమ పక్కన ఉన్న పొట్టి మనిషి నన్ను చూడగానే లేచాడు.

"నర్సమ్మా, మా బావకి ముందు తియ్యండి. ఆయన ఎవురనుకుంటా ఉండారు? గని ఊర్లో ఆయన మాదిరి బాక్సర్ ముందు పుట్టలేదు, ఇంగ పుట్టడు."

"నర్సును కాను, రేడియోగ్రాఫర్‌ని. టోకెన్ ప్రకారమే పిలుస్తాను," అన్నాను.

"పుట్టలేదా?" అన్నాడు కుడి పక్కన ఉన్నాయన. కళ్లద్దాలు, ఇస్త్రీ ప్యాంటు, జేబులో మడిచిన కాగితం. "డేయ్ గోపాలప్పా, ఫిట్టర్ ఫ్రాన్సిస్ పుట్టలేదా? వడివేలు పుట్టలేదా? వాళ్లేమి ఆకాశంలోంచి ఊడిపడినారా?"

అలా మొదలైంది. బెంచీ మీద ఇంకా ఆరుగురు పేషెంట్లున్నారు. అందరూ నొప్పులు మరిచిపోయి అటు తిరిగారు. వాళ్ల వాదన వింటూ ఉండగానే నాకు సంగతి తెలిసింది. కళ్లద్దాలాయన డేవిడ్ మాస్టర్. స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు బాక్సింగ్ పోటీలకు జడ్జి. పొట్టాయన గోపాలప్ప, మునిరత్నం గారి భార్యకు తమ్ముడు. ఊరిగాంలో ఆటస్థలం పక్కన ఒక గ్రానైటు రాయి నిలబెట్టి, దాని మీద గని ఊరి గొప్ప బాక్సర్ల పేర్లు చెక్కించాలని పాత కార్మికులు కొందరు అనుకున్నారు. ఎవరు మొదట, ఎవరు తరువాత అనే వరస తేల్చే బాధ్యత డేవిడ్ మాస్టరుది. ఆయన జేబులో ఉన్న కాగితం అదే. బంగారుపేటలో రాయి చెక్కేవాడికి ఆ రోజే ఇవ్వాలి. దానికి ఒప్పుకోని గోపాలప్ప, "మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని ఆ పేర్లు రాయి, చూస్తాం" అని బావను కూడా రైలెక్కించుకొని వచ్చాడు.

"ఫ్రాన్సిస్ ఎవురితో ఆడినాడు?" అన్నాడు గోపాలప్ప. "క్లబ్బులో దొరలతో. రెండు దెబ్బలు తగిల్తే టీ తాగను పోయేవాళ్లు."

"ఫ్రాన్సిస్ కాలు చూసినావా నువ్వు? రింగులో సుద్దముక్కతో ఇంత చక్రం గీసుకొని, దాంట్లోంచి బయటికి రాకనే మూడు రౌండ్లు ఆడినోడు. ఒగ్గ దెబ్బ తగల్లేదు."

"సెరి. వడివేలు?"

"పద్నాలుగేండ్లు ఆడినాడు."

"పద్నాలుగేండ్లు ఆడితే పెద్దోడా? మా ఎద్దు గూడా పద్నాలుగేండ్లు దున్నింది. దాని పేరు గూడా రాయి మాస్టరూ!"

బెంచీ అంతా నవ్వింది. చెయ్యి విరిగిన బిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఒకామె మాత్రం నవ్వలేదు. "ఎవురైనా గెలవండప్పా, మా బిడ్డని మాత్రం ముందు పంపండి," అంది.

డేవిడ్ మాస్టర్ నవ్వు ఆగేదాకా ఉండి, కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. "మొదటిదా మూడోదా అని కాదప్పా మాట. ఆయన పేరే దీంట్లో లేదు. ఫైనల్ అమ్ముకున్నోని పేరు రాతి మీద చెక్కించినాడని రేపు నన్ను నలుగురు అడుగుతారు. నేనేమి చెప్పేది?"

మునిరత్నం గారు గోడ మీద ఉన్న పోషకాహారం పటం చూస్తూ కూర్చున్నారు.

ఆ ఫైనల్ డెబ్బైల మొదట్లో బెంగళూరులో జరిగిందట. గని ఊళ్లో మునిరత్నం కుడిచేతి దెబ్బకు నిలబడినవాడు లేడు. ఆ రోజు రెండో రౌండు నడుమ నుంచి ఆఖరు గంట కొట్టేదాకా ఆ కుడిచెయ్యి ఒక్కసారి కూడా కదల్లేదు. పాయింట్ల మీద ఓడిపోయాడు. డబ్బు తీసుకొని ఓడాడని తిరుగు రైల్లోనే పుకారు పుట్టింది. ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆ తరువాత రింగెక్కలేదు.

"కుడిచెయ్యి విరిగిండాది! ఎన్నిసార్లు చెప్పేది?" అన్నాడు గోపాలప్ప. "మా అక్క ఆ మాట పడలేక నీళ్ల కొళాయి దగ్గిరికి గూడా పోలేదు మాస్టరూ. ఆ ఆడమనిషి ఇప్పుడు లేదు. రాతి మీద పేరన్నా ఉండాల."

"విరిగింటే ఆయనే చెప్పుండొచ్చు కదా. నలభై ఏండ్లుగా నోట్లో మాట లేదు."

"ఇప్పుడు ఎక్స్‌రే చెప్తాది. కూర్చో."

మునిరత్నం గారి టోకెన్ వచ్చింది. తోడు వచ్చినవాళ్లను ఎక్స్‌రే గదిలోకి రానివ్వం. ఆయన ఒక్కరే వచ్చారు. రెండు చేతులూ ఒకే క్యాసెట్ మీద అరచేతులు కిందికి పెట్టించాను. దీన్ని మేము పీఏ వ్యూ అంటాము. ఒక్కో జేబులోంచి ఒక్కో అక్షరం తీసి అంటించాను. బయట విన్నది మనసులో ఉన్నా చెయ్యి అలవాటుగా పని చేసుకుపోయింది.

ఎర్ర దీపం కింద ఫిల్ము మీద ఎముకలు తేలుతున్నప్పుడు నేను చూసినదాన్ని ఎలా చెప్పాలి? ఎడమచేతి మణికట్టు దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. అది ఆ ఉదయం పడినందుకు వచ్చింది. అది పెద్ద విషయం కాదు. అదే చేతిలో, చూపుడువేలికీ నడిమివేలికీ వెనక ఉండే పొడుగు ఎముకలు రెండూ ఎప్పుడో విరిగి, వంకరగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కినట్టు అతుక్కుని ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం పుస్తకంలో బొమ్మలా ఉంది.

మా పుస్తకాల్లో బాక్సర్స్ ఫ్రాక్చర్ అని ఒకటి ఉంది. చిటికెనవేలి వెనక ఎముక విరగడం. పేరు అదే గానీ బాక్సర్లకు అది తక్కువ. తాగి గోడను గుద్దినవాళ్లకు, భార్య మీద కోపంతో తలుపును గుద్దినవాళ్లకు అది విరుగుతుంది. అలాంటివి నేను లెక్కలేనన్ని తీశాను. గుద్దడం తెలిసినవాడి దెబ్బ నేరుగా వెళ్లి మొదటి రెండు కణుపుల మీద దిగుతుంది. విరిగితే ఆ రెండే విరగాలి. పంతొమ్మిదేళ్లలో నేను అలాంటి చెయ్యి చూడటం అదే మొదటిసారి. డార్క్‌రూంలో ఒక్కదాన్నే నిలబడి, ఫిల్ము నీళ్లు కారిపోతున్నా అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆయనను బయట కూర్చోమని, ఫిల్మును గుమ్మం పక్కన బయటి గోడకున్న వ్యూ బాక్స్ మీద తగిలించాను. అది వెనక దీపం వెలిగే తెల్లటి పలక. నా భుజం మీదుగా గోపాలప్ప తల పెట్టాడు.

"విరిగింది! మాస్టరూ, రా, చూడు, విరిగింది!"

డేవిడ్ మాస్టర్ వచ్చి కళ్లద్దాలు సవరించుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ఎల్ అని ఉండాది గదప్పా. విరిగింది ఎడమది. కుడిది బాగుండాది."

గోపాలప్ప వెంటనే నా వైపు తిరిగాడు. "మేడం, మీరు అచ్చరాలు మార్చేసినారు. పొరపాటు ఎవురికైనా వస్తాది. మార్చేసినామని ఒగ్గ మాట చెప్పండి తల్లీ."

ఆ మాట నాకు తగిలింది. "పటేల్ నారాయణప్ప మనవరాలు తప్పు అక్షరం పెట్టదు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. కానీ ఎడమా కుడా అని అనుమానం వస్తే మళ్లీ తీయాలన్నది మా పనిలో నియమం. వంశం చెప్పి దాన్ని తప్పించుకోలేను. నేను కొత్తలో చేసిన తప్పు నాకు గుర్తుంది. మునిరత్నం గారిని మళ్లీ లోపలికి పిలిచాను.

ఈసారి ఒక్కో చెయ్యి విడివిడిగా తీశాను. ఎడమచేతిని క్యాసెట్ మీద పెట్టేటప్పుడు వేళ్లతో తడిమాను. చర్మం కింద గట్టిగా, వెదురు కణుపులా తగిలింది. ఫిల్ము కడగక ముందే నాకు తెలిసిపోయింది. అక్షరం తప్పు కాలేదు.

"మీరు నారాయణప్ప మనవరాలా అమ్మా?" అన్నారు ఆయన. అంతసేపటికి ఆయన గొంతు వినడం అదే మొదలు. "మీ తాత దుంగల కింద పదేండ్లు పని చేసినాను. ఒగటి గూడా చీలలేదు."

మా తాతను పొగిడినవాళ్లను చాలామందిని విన్నాను. ఆ దుంగల కింద పని చేసినవాడి నోట మాత్రం ఎప్పుడూ వినలేదు. ఫిల్ములు కడుక్కొని వచ్చాను. తడి ఫిల్ము పట్టుకొని ఆయన ఎదుట నిలబడి అడగకూడనిది అడిగాను.

"కుడిచెయ్యి బాగానే ఉంది. మరి ఆ రోజు ఎందుకు వాడలేదు?"

ఆయన తలుపు వైపు చూశారు.

"ఈ గదిలో పేషెంటు చెప్పిన మాట బయటికి పోదు," అన్నాను.

"మొదటి రౌండులో నా ఎడమది విరిగింది. వాని నెత్తిమీద తగిలింది. పట్‌మన్నింది. గ్లౌజులో ఉండాది కాబట్టి ఎవురికీ తెలీలేదు. రెండో రౌండులో కుడిది యేసినాను. బాగా తగిలింది. వాడు పడలేదు. నిలబడి నన్ను చూసి నగినాడు."

"నవ్వాడా?"

"అది నగు కాదమ్మా. గనిలో రాయి పగిలి కూలినప్పుడు నేను మనుషుల్ని బయటికి తీసే గుంపులో ఉంటిని. తలకి దెబ్బ తగిలినోడు ఒగోసారి అట్ల నగుతాడు. బాగుండానన్నా అంటాడు, బీడీ అడుగుతాడు. రాత్రి పడుకొని లేవడు. ఇద్దుర్ని నేనే మోసినాను. వాని మొగంలో అదే నగు." ఆయన తన కుడిచేతిని చూసుకున్నారు. "ఇంగొగసారి దీన్ని యేస్తే వాడు పోతాడు అనుకున్నా. యెయ్యలేదు."

"రెఫరీకి చెప్పి ఉండొచ్చు కదా."

"చెప్పుండాల్సింది. తప్పే. అప్పుడు నాకి ఇరవై ఆరేండ్లు. గెలవాలని గూడా ఉండె. ఎడమచేత్తోనే గెలుస్తాననుకున్నా." కొంచెం నవ్వారు. "గెలవలేదు."

విరిగిన చేత్తో రౌండున్నర కొట్టారన్నమాట. మా గదిలో ఆ ఎముకలు విరిగినవాళ్లు క్యాసెట్ మీద చెయ్యి ఆనించడానికే కేకలు పెడతారు.

"ఇన్నేళ్లు ఇంట్లో కూడా చెప్పలేదా?"

"చెప్తే వాడు గెలిచింది గెలుపు కాదంటారు. నేను పెట్టిన బిచ్చమంటారు. బిచ్చం కాదమ్మా, నేను గెలవాలనే కొట్టినా. వాడు బాగా ఆడినాడు. దొరక్కుండా ఆడినాడు. వానిది వానికి ఉండనీ."

"మీ భార్యను కూడా అన్నారు కదా."

ఆయన కళ్లు కిందికి దించారు. "అదొగటే బేజారు," అన్నారు.

నేను ఫిల్ములు పట్టుకొని బయటికి వచ్చాను. ఆ నాలుగడుగులు నా ఉద్యోగంలో అన్నిటికంటే బరువైనవి. నేను నోరు విప్పితే ఆయన పేరు ఆ రాతి మీద మొదట ఉంటుంది. విప్పకపోతే ఉండకపోవచ్చు. అక్షరాలు మారిపోయాయి, తప్పు నాదే అని ఒక చిన్న అబద్ధం చెబితే గోపాలప్ప గెలుస్తాడు, ఎవరి గుట్టూ బయటపడదు. అది కూడా తోచింది. కానీ ఫిల్ము మీద అబద్ధం చెప్పే చెయ్యి నాకు లేదు. ఆయన చెప్పినదాన్ని బయట పెట్టే నోరూ లేదు.

"అక్షరం సరిగ్గానే ఉంది. విరిగింది ఎడమది," అన్నాను.

గోపాలప్ప బెంచీ మీద కూలబడ్డాడు. నలభై ఏళ్లుగా ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక సాక్ష్యం అది. "ఇంగ పద బావా, రైలు చూసుకుందాం," అన్నాడు నేల చూస్తూ.

డేవిడ్ మాస్టర్ మాత్రం వ్యూ బాక్స్ దగ్గరే నిలబడిపోయాడు. నేను చెప్పింది గెలుపుగా తీసుకుంటాడనుకున్నాను. తీసుకోలేదు. ఆ వంకర ఎముకల మీద వేలు పెట్టకుండా, గాలిలోనే వాటి వెంట వేలు నడిపాడు.

"ఎప్పుడు విరిగింది అమ్మా ఇది?"

"ఫిల్ము తేదీ చెప్పదు. చాలా ఏళ్ల కిందటిది. సరైన కట్టు లేకుండా అతుక్కుంది. అంతవరకే నేను చెప్పగలను."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. "బెంగళూరు నుంచి వచ్చినాక సోమవారం గని షాఫ్టు గేటు దగ్గిర చూసినా. ఎడమచేతికి గుడ్డ చుట్టుకొని ఉండె. ఏమప్పా అంటే డ్రిల్లు మిషను తగిలిందన్నాడు." కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆ సోమవారం ఆయన ఇంకా లోపలికి దిగనే లేదు. సెలవు ముగించుకొని పొద్దున షిఫ్టుకి అప్పుడే వస్తా ఉండె. నేను జడ్జిని. నాకి ఆ పొద్దే తెలియాల్సింది."

గోపాలప్ప తల ఎత్తాడు.

"మూడో రౌండు నేను రింగు పక్కన కూర్చొని రాసుకున్నా," అన్నాడు మాస్టర్. ఇప్పుడు ఎవరితోనూ కాదు, తనతో తానే మాట్లాడుతున్నాడు. "ఎడమ, ఎడమ, ఎడమ. ఆగలేదు. కుడిది ఎందుకు రాలేదు, ఎందుకు రాలేదు అని అదే చూస్తా ఉంటిని. వచ్చేదాన్ని చూడలేదు. ఈ చేత్తోనా?"

మునిరత్నం గారు గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. మాస్టర్ ఆయన వైపు తిరిగాడు. "రత్నం, ఈ చేత్తోనా నువ్వు ఆ రౌండంతా కొట్టింది?"

"ఆ పొద్దు అదే పని చేస్తా ఉండె మాస్టర్."

"మరి కుడిది?"

మునిరత్నం గారు ఒకసారి నా వైపు చూశారు.

"కుడిచెయ్యి నాది. ఎప్పుడు యెయ్యాల్నో నా ఇష్టం," అన్నారు మునిరత్నం గారు.

మాస్టర్ ఆ ముఖంలోకి చూసి, ఇంకో ప్రశ్న అడగబోయి మానుకున్నాడు. జడ్జి కదా, ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. కాళ్లు దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడ్డాడు. డ్రిల్లు మాస్టరు నిలబడినట్టు. "అమ్ముకునేవాడు ఇట్ల కొట్టడప్పా," అన్నాడు. జేబులోంచి కాగితం తీసి, నా దగ్గర పెన్ను అడిగి పుచ్చుకున్నాడు.

గోపాలప్ప ఎగిరి లేచాడు. "మొదట రాయి! ఫ్రాన్సిస్ నెత్తిమీద రాయి!"

"మూడు," అన్నారు మునిరత్నం గారు.

"బావా, నోరు ముయ్యి!"

"ఫ్రాన్సిస్ దగ్గిర నేర్చుకున్నాను. వడివేలు దగ్గిర దెబ్బలు తిన్నాను. వాళ్లిద్దురూ నాకంటే మేలు. నాకి తెలియదా ఏమి? మూడోది నాదే. అది ఎవురికీ ఇయ్యను."

ఆ మాట అన్నప్పుడు ఆయన వెన్ను ఎలా నిలిచిందో నేను చూశాను. మా అవ్వ చెప్పిన మా తాత ఠీవి నేను ఎన్నడూ చూడలేదు. అలాగే ఉండి ఉంటుందనుకున్నాను.

"మూడో పేరు రాసేసినారు కదప్పా," అంది బిడ్డను ఒళ్లో పెట్టుకున్నామె. "నాలుగోది మా బిడ్డ పేరు రాసి లోపలికి పంపండి." అప్పటికి కానీ మాకు నవ్వు రాలేదు. గోపాలప్ప నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

మణికట్టుకు పిండికట్టు వేయించుకొని వెళ్లేముందు మునిరత్నం గారు నా దగ్గరికి వచ్చారు. ఫిల్ములు కవర్లో పెట్టి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇంటికి ఒద్దమ్మా. గోపాలప్ప గోడకి తగిలించి ఊరంతా పిలుస్తాడు. ఈడనే ఉండనీ." తరువాత గొంతు తగ్గించి అన్నారు. "లోపల చెప్పింది, నేనూ ఆ ఎదురాడినోడూ ఉండేంతవరకు ఒద్దు. ఆ మీద మీ ఇష్టం."

రాయి ఆ ఏడాదే నిలబెట్టారు. మూడో పేరు ఆయనదే. ఆయన చనిపోయి ఆరేళ్లయింది. ఫైనల్లో ఆయనకు ఎదుటి మనిషి కూడా ఇప్పుడు లేడు. ఇక్కడ మనుషుల పేర్లు మార్చి రాశాను, ఆ ఎదుటి మనిషికి అసలు పేరే పెట్టలేదు. ఆ ఫైనల్లో గెలిచింది ఆ మనిషే. అందులో నేను వీసమెత్తు కూడా తగ్గించడం లేదు.

ఎవరు ఎవరికంటే గొప్ప అన్న వాదన ఊరిగాంలో ఇప్పటికీ సాగుతుంది. బాక్సింగ్ గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. చేతుల గురించి ఉంది. నేను క్యాసెట్ మీద పెట్టించిన చేతుల్లో ఆ ఎడమచేతికి మించినది లేదు. దానికంటే గొప్పది ఆ పక్కనే, ఏ గాయమూ లేకుండా, ఏమీ చేయకుండా ఉన్న కుడిచెయ్యి. విరిగిన ఎముక కోసమే ఫిల్ము చూడటం నాకు అలవాటు. విరగని ఎముకను కూడా ఆగి చూడాలని ఆ రోజే తెలుసుకున్నాను. ఇంటిపేరు నిలబెట్టడమంటే ఎవరు ఏమన్నా అక్కడికక్కడే జవాబు చెప్పడమని నేను నమ్మేదాన్ని. ఆయన జవాబు ఉండి కూడా నలభై ఏళ్లు చెప్పలేదు. అది నా చేతనవుతుందని అనుకోను. కానీ అలాంటి మనిషి ఎదుట ఒక గంటసేపు నిలబడ్డాను.

2017లో మా ఆసుపత్రికి కంప్యూటర్ ఎక్స్‌రే వచ్చింది. డార్క్‌రూం ఖాళీ చేశారు. ఎక్స్‌రే ఫిల్ములో కొంచెం వెండి ఉంటుంది, దాన్ని కరిగించి తీసేవాళ్లుంటారు. పేషెంట్లు తీసుకుపోని పాత ఫిల్ములన్నీ గోనెసంచుల్లో కట్టి, తూకానికి, బెంగళూరు నుంచి వచ్చిన ఒక వ్యాపారికి అమ్మేశారు. మునిరత్నం గారి మూడు ఫిల్ములు వాటిలోనే పోయాయి.